మబ్బు కమ్మాక మిగిలేది అరగంటే

వడగళ్ల వాన అంటే మామిడి తోటలకూ టమోటా మళ్లకూ వచ్చే కష్టమనే అనుకుంటాం. తిరుపతి, చిత్తూరు చుట్టూ పెరిగిన కాలనీల మిద్దెలు, రేకులు, కార్లు, సోలార్ పలకలు కూడా ఆ ఆకాశం కిందే ఉన్నాయి. ఎండాకాలపు గాలివానకు శివారు ఇల్లు ఎంత సిద్ధంగా ఉంది?

కుప్పం, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె వైపు ఎండాకాలంలో గాలివాన కొట్టి వెలిసిందంటే, ఊళ్లో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి అడిగే మొదటి మాట ఒకటే. ‘రాళ్లు పడినాయా?’ వట్టి వాన అయితే సంతోషం. బోర్లలోకి నాలుగు నీళ్లు వస్తాయి, పశువులకు పచ్చి మేత మొలుస్తుంది. రాళ్లు పడితే మాత్రం చేతికొచ్చిన టమోటా మడిలోనే కుళ్లుతుంది. పిందె దాటి కాయ దశకొచ్చిన తోతాపురి సగం నేలరాలుతుంది, చెట్టున నిలిచిన సగానికి మచ్చపడుతుంది. దెబ్బ తగిలి నల్లబడిన కాయను దామలచెరువు మండీలో అడిగేవాళ్లుండరు, గుజ్జు ఫ్యాక్టరీ గేటు దగ్గర దించుకోరు. ఈ కష్టం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. రైతుకు తెలుసు, వ్యవసాయ శాఖకు తెలుసు, పేపరు చదివే ప్రతివాళ్లకూ తెలుసు.

తెలియనిది ఊరి అంచు సంగతి. తిరుపతి చుట్టూ తిరుచానూరు, అవిలాల, పేరూరు, తుమ్మలగుంట, కరకంబాడి వైపు, చిత్తూరు చుట్టూ మురకంబట్టు, ఇరువారం వైపు ఒకప్పటి తోటలూ మళ్లూ ప్లాట్లయ్యాయి. ప్లాట్లలో మిద్దెలు లేచాయి. మిద్దె మీద సింటెక్స్ ట్యాంకు, దాని పక్కన వేడినీళ్ల సోలార్, ఈమధ్య కరెంటు సోలార్. ముందు కారు నిలపడానికి ఫైబర్ షీట్ల పందిరి. వెనక అద్దెకిచ్చిన రేకుల గది. ఇంకా కట్టని ప్లాటులో వాచ్‌మన్ కుటుంబానికి నాలుగు రేకుల గుడిసె. ఇవన్నీ ఎండను తట్టుకోవడానికి కట్టుకున్నవి. 2021 నవంబరులో తిరుపతి వరద చూశాక కాలువల గురించి, చెరువు కట్టల గురించి కాస్త మాట్లాడటం నేర్చుకున్నాం. పైనుంచి పడే మంచుగడ్డ గురించి మాత్రం ఏ కాలనీ మీటింగులోనూ మాట రాదు. రావాలన్నదే ఈ కథనం ఉద్దేశం.

ఎండలోంచి మంచు ఎలా?

నేల మీద 40 డిగ్రీలు దాటిన రోజున కూడా మన తలల మీద సుమారు 5 కిలోమీటర్ల ఎత్తులో ఉండేది సున్నా డిగ్రీలే. అశ్విని, భరణి, కృత్తిక కార్తెల్లో, అంటే ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి దాకా, పొద్దంతా కాగిన నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి తేమ వచ్చి దానికి తోడవుతుంది. వాతావరణ బులెటిన్లలో రోజూ వినే మాట, విదర్భ నుంచి తమిళనాడు దాకా ద్రోణి, ఆ తేమ గాలీ లోనాటి పొడిగాలీ ఒకదానికొకటి ఎదురుపడే చోటే. శేషాచలం కొండలు ఆ గాలిని ఇంకాస్త పైకి ఎగదోస్తాయి. మబ్బు నిలువునా 12, 15 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది.

ఆ మబ్బు నడిమి భాగంలో సున్నాకు దిగువన కూడా గడ్డకట్టని నీటి తుంపర్లుంటాయి. అక్కడ ఒక చిన్న మంచు పలుకు పుడితే ఆ తుంపర్లు దానికి తగిలి, తగిలిన చోటే గడ్డకట్టి, పొర మీద పొరగా దాన్ని పెంచుతాయి. కిందనుంచి ఎగిసే గాలి దాన్ని పడనివ్వదు. గాలి జోరు ఎంత ఎక్కువైతే అంతసేపు పైనే ఉండి అంత పెద్దదవుతుంది. గాలి ఇక మోయలేనప్పుడు కిందికి వదిలేస్తుంది. 2 సెంటీమీటర్ల రాయి నేలను తాకేసరికి గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. 5 సెంటీమీటర్లదైతే 100 దాటుతుంది. దానికి గాలి తోడైతే రాయి నిలువుగా పడదు, ఏటవాలుగా కిటికీల మీదికి వస్తుంది.

మన దగ్గర చాలా రాళ్లు నేల చేరకముందే కరిగిపోతాయి. అందుకే వేసవి గాలివానలో తొలి చినుకులు అంత లావుగా, అంత చల్లగా తగులుతాయి. తిరుపతి సముద్ర మట్టానికి 150 మీటర్ల ఎత్తున ఉంటే పలమనేరు దాదాపు 700 మీటర్ల మీద ఉంది. పడమటి మండలాల్లో రాళ్లు కరగకుండా నేలకు చేరడానికి ఆ ఎత్తు ఒక కారణం. కిందికొచ్చేకొద్దీ రాళ్ల వాన అరుదవుతుంది. అరుదు కాబట్టే జాగ్రత్త ఉండదు, జాగ్రత్త లేని చోటే నష్టం ఎక్కువ.

ఈ విషయాన్ని కనిపెట్టి చూసే కళ్లు మన జిల్లాల్లోనే ఉన్నాయంటే చాలామంది ఆశ్చర్యపోతారు. తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో, పాకాల దగ్గర గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడ 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న బయల్లో 1,024 యాంటెన్నాలు వరసలు తీరి నిలబడి ఉంటాయి. 1990ల తొలినాళ్లలో మొదలైన ఈ ఎంఎస్టీ రాడార్, గాలి ఎటు వీస్తోందన్నది మాత్రమే కాదు, ఎంత వేగంతో నిట్టనిలువుగా పైకి లేస్తోందో కూడా కొలవగలదు. వడగల్లు పుట్టుకకు ఆయువుపట్టు ఆ నిలువు గాలే. ఇటు శ్రీహరికోటలో డాప్లర్ వాతావరణ రాడార్ ఉంది. 2022లో జిల్లాలు మారాక శ్రీహరికోట కూడా తిరుపతి జిల్లాలోకే వచ్చింది. ఇంత విజ్ఞానం ముంగిట్లో పెట్టుకుని, మబ్బు రంగు చూసి మాత్రమే బట్టలు తీసుకునే స్థితిలో మనం ఉండకూడదు.

అయితే రాడార్ చెప్పగలిగేదానికి హద్దుంది. ఫలానా మండలాల్లో రాబోయే మూడు గంటల్లో ఉరుములు, మెరుపులు, వడగళ్లు పడే అవకాశం ఉందని వాతావరణ శాఖ చెప్తుంది. మీ వీధి పేరు చెప్పలేదు. రాళ్లు పడే పట్టీ చాలాసార్లు కొన్ని కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది, ఒక కాలనీలో అద్దాలు పగిలితే పక్క కాలనీలో వాకిలి కూడా తడవదు. హెచ్చరిక ఫోన్లో మోగడానికీ మొదటి రాయి పడడానికీ మధ్య చేతిలో మిగిలేది అరగంట, ఒక్కోసారి అంతకంటే తక్కువ. ఆ అరగంటలో మిద్దెకు రేకులు బిగించలేం, బీమా కట్టలేం. ముందే చేసిపెట్టుకున్న పనులే అప్పుడు పనికొస్తాయి.

రేకుల కింద

వడగళ్ల వానలో రేకుల గదిలో ఉన్నవాళ్లకు పక్క మనిషి మాట వినపడదు. మొదట అక్కడొకటి ఇక్కడొకటి టక్‌మని మోగుతుంది. తర్వాత ఎడం లేకుండా ఒకటే మోత. చంటిపిల్లలు గుక్కపట్టి ఏడుస్తారు. వీధిలో ఎవరో ‘రాళ్లు పడతా ఉండాయి, లోపలికి రాండి’ అని అరుస్తుంటారు, కానీ ఆ లోపలే భయంగా ఉన్నవాళ్లు ఎక్కడికి పోవాలి?

పాత సిమెంటు రేకు ఎండకు ఎండి, వానకు తడిసి, ఏళ్లు గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది. కొత్తదానికి ఏమీ కాని దెబ్బకు పాతది చీలుతుంది. చీలిక పడ్డ రేకు వాన వెలిశాక బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు ప్రమాదం అప్పుడే. కారుతున్న చోట పట్ట కప్పుదామని మనిషి పైకెక్కుతాడు, కాలు పెట్టిన చోట రేకు విరిగి కిందపడతాడు. రేకు మీద నేరుగా కాలు మోపకూడదు. కింద దూలం ఉన్నచోట చూసి, రెండు దూలాలకూ ఆనేలా అడ్డంగా గట్టి పలక వేసుకుని, దాని మీదనే నడవాలి. తడి ఆరాకే ఎక్కాలి, ఒక్కరే ఎక్కకూడదు. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పగిలిన ముక్కల్ని ఆరబెట్టి ఊడ్చితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లు చల్లి, మూతికి గుడ్డ కట్టుకుని, ముక్కల్ని సంచిలో కట్టి తీసేయాలి. మిషన్ పెట్టి కోయడం అసలే వద్దు.

ఇనప రేకుల కథ వేరు. వాటికి రాళ్ల వల్ల సొట్టలు పడతాయి కానీ చిల్లులు పడేది తక్కువ. వాటిని ఎగరగొట్టేది గాలి. కొక్కేల బోల్టులు తుప్పుపట్టి, వాషర్లు ఊడిపోయి ఉంటే అంచు రేకు ముందు లేస్తుంది, దాని వెనక వరసంతా లేస్తుంది. మార్చి నెలలో ఒక పూట మనిషిని పెట్టి బోల్టులన్నీ బిగించుకోవడానికి అయ్యే ఖర్చు, ఎగిరిన రేకు పక్కింటి కారు మీద పడితే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఏపాటిది?

ఆర్‌సీసీ మిద్దె ఉన్నవాళ్లకు మరో చిక్కు ఉంది. రాళ్లతో పాటు చెట్ల ఆకులన్నీ చిరిగి రాలతాయి. ఆకులూ మంచూ కలిసి మిద్దె మీది నీళ్లు పోయే గొట్టం నోరు మూసేస్తాయి. గంటసేపు వాన ఆ మిద్దె మీదే నిలిచిపోయి, మెట్ల గది తలుపు కింద నుంచి ఇంట్లోకి దిగుతుంది. మిద్దె దెబ్బతినకపోయినా ఇల్లు తడుస్తుంది. ఆ గొట్టానికి జల్లెడ మూత పెట్టి, మబ్బు పట్టినరోజు పొద్దున్నే ఒకసారి చెత్త తీస్తే చాలు.

మిద్దెతోటలు పెంచేవాళ్లు పచ్చ వలను గట్టి కర్రలకు కట్టి కాస్త వాలుగా ఉంచుకుంటే చిన్న రాళ్లు మొక్కల మీద పడవు. హిమాచల్‌లో ఆపిల్ తోటల మీద వలలు కట్టేది ఇందుకే. బల్లపరుపుగా కడితే మాత్రం మంచు బరువుకు వల నడిమికి దిగి, కర్రలతో సహా కూలుతుంది.

సోలార్, కారు, పది రూపాయల బిళ్ల

2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మిద్దెల మీద సోలార్ పలకలు పెరిగాయి. 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ మధ్యతరగతి ఇంటికి పెద్ద ఊరటే. ఈ పలకలు రాళ్లకు పగిలిపోతాయేమోనన్న భయం చాలామందిలో ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పలకకు అనుమతి ఇచ్చే ముందు 25 మిల్లీమీటర్ల మంచు గుండును సెకనుకు 23 మీటర్ల వేగంతో 11 చోట్ల కొట్టి చూస్తారు. మన పది రూపాయల బిళ్ల అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. అంటే ఆ బిళ్ల కంటే కాస్త చిన్న రాళ్ల దాకా మంచి పలక తట్టుకోవాలి. నిమ్మకాయంత రాయి పడితే ఆ హామీ లేదు. గాజు పగలకపోయినా లోపలి కణాల్లో వెంట్రుకవాసి చీలికలు పడవచ్చు. కాబట్టి రాళ్ల వాన తర్వాత వారం పది రోజులు ఉత్పత్తి లెక్క చూసుకుంటూ ఉండాలి. గాజు పగిలితే చెయ్యి పెట్టవద్దు. వీధిలో కరెంటు పోయినా, ఎండ ఉన్నంతసేపూ పలక కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. బిగించిన కంపెనీ మనిషిని పిలవాల్సిందే.

కారు విషయంలో మనవాళ్లు ఎక్కువగా మోసపోయేది బీమా కాగితం చదవకపోవడం వల్ల. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే వడగళ్లకు పగిలిన అద్దానికి ఒక్క రూపాయి రాదు. సొంత వాహన నష్టం కలిసిన సమగ్ర పాలసీలో వరద, తుఫానులతో పాటు వడగళ్ల వాన కూడా పేరుతో సహా ఉంటుంది. రాళ్లు ఆగగానే, అవి కరగకముందే, ఒక పది రూపాయల బిళ్లను పక్కన పెట్టి రాయిని ఫోటో తీసుకోండి. సొట్టలు, పగిలిన అద్దం, చుట్టూ నేల మీద పరుచుకున్న మంచు, అన్నీ ఫోటోలో పడాలి. సర్వేయరు వచ్చేసరికి ఎండ కాస్తుంటుంది, ఆ ఫోటో తప్ప సాక్ష్యం ఉండదు.

ఇంకో మాట. మబ్బు పట్టగానే కారునో బండినో నిద్రగన్నేరు చెట్టు కిందికి తోసే అలవాటు మానుకోవాలి. గాలివానకు ముందు విరిగేది ఆ కొమ్మలే, పిడుగు పడేదీ చెట్టు మీదే. కారు కదిలించే వీలు లేకపోతే ముందూ వెనకా అద్దాల మీద పాత బొంతలు పరిచి తాడుతో కట్టేయండి. బండి మీద ఉండగా రాళ్లు మొదలైతే హెల్మెట్ తీయకుండానే దగ్గర్లోని పక్కా కప్పు కిందికి చేరాలి.

పరాయి ఊళ్ల అనుభవం

చిత్తూరు, తిరుపతి ఇళ్లలో పిల్లలు డాలస్‌లో ఉన్నవాళ్లు తక్కువేం కాదు. ఫ్రిస్కో, ప్లానో, అర్వింగ్ శివార్లలో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. ఉత్తర టెక్సస్‌లో వసంతం వచ్చిందంటే వడగళ్ల భయం వస్తుంది. అక్కడ ఇల్లు కొనేవాళ్లు కప్పు వయసు అడుగుతారు, దెబ్బ తట్టుకునే రకం కప్పు వేయిస్తే బీమా కంపెనీలు ప్రీమియం తగ్గించే ఏర్పాటు ఉంది. అయితే ఆ జాగ్రత్త వాళ్లకు ఊరికే రాలేదు. 1995 మే 5న డాలస్ పక్కనే ఉన్న ఫోర్ట్‌వర్త్‌లో నది ఒడ్డున మేఫెస్ట్ అనే జాతర జరుగుతుండగా పెద్ద రాళ్ల వాన పడింది. బయల్లో ఉన్న జనానికి తలదాచుకునే చోటు లేక వంద మందికి పైగా గాయపడ్డారు.

ఆ సంగతి చదివినప్పుడల్లా నాకు మన గంగ జాతర గుర్తొస్తుంది. తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర మే నెలలోనే. వేషాలు కట్టినవాళ్లు, చంటిబిడ్డల తల్లులు, పొంగళ్లు పెట్టేవాళ్లు వారం పాటు వీధుల్లోనే ఉంటారు. కార్తెల లెక్కన గాలివాన రావడానికి అదే అదను. పందిళ్లు, ఫ్లెక్సీలు, విద్యుద్దీపాల తోరణాలు జనం నెత్తి మీదే. జాతర ఏర్పాట్లలో మంచినీళ్లూ వైద్య శిబిరాలూ ఉన్నట్టే, మబ్బు పడితే జనాన్ని ఏ కల్యాణమంటపంలోకి, ఏ బడిలోకి మళ్లించాలో కూడా ముందే రాసి పెట్టుకోవాలి.

1999 ఏప్రిల్ 14 సాయంత్రం ఆస్ట్రేలియాలోని సిడ్నీ తూర్పు శివార్ల మీద 9 సెంటీమీటర్ల దాకా ఉన్న రాళ్లు పడ్డాయి. 20 వేలకు పైగా ఇళ్ల కప్పులు పాడయ్యాయి. బీమా కంపెనీలు కట్టిన సొమ్మే 170 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. ధనిక దేశపు ధనిక శివారులో కూడా కప్పులకు పట్టలు కట్టే మనుషులు చాలక, తర్వాతి వానలకు ఇళ్లు మళ్లీ తడిశాయి. అక్కడ చాలనివి పట్టలు, మనుషులు. ఆ రెండూ కాలనీ స్థాయిలో మనం ముందే సమకూర్చుకోగలిగినవే.

వడగళ్లు ప్రాణం తీయవనుకునేవాళ్లకు మన దేశ చరిత్రే జవాబు. 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ దగ్గర రాళ్ల వానకు 246 మంది చనిపోయారు. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కల్లో వడగళ్లకు అత్యధిక మరణాలు నమోదైనది అక్కడే. మనకు దగ్గర్లో చూస్తే, 2023 మార్చి 16న తెలంగాణలోని వికారాబాద్ జిల్లా మర్పల్లి వైపు రోడ్లూ పొలాలూ తెల్లగా మంచుతో నిండిపోయిన దృశ్యాలు అందరం ఫోన్లలో చూశాం.

నష్టం రాయించుకోవాలి

వడగళ్ల వాన కేంద్రం గుర్తించిన ప్రకృతి విపత్తుల జాబితాలో ఉంది. అంటే విపత్తు సహాయ నిధి నుంచి సాయం పొందే హక్కు పట్టణ శివారు ఇంటికి కూడా ఉంది. 2022-26 కాలానికి కేంద్ర హోంశాఖ ఖరారు చేసిన ప్రమాణాల ప్రకారం పక్కా ఇల్లు కనీసం 15 శాతం దెబ్బతింటే 6,500 రూపాయలు, కచ్చా ఇంటికి 4,000, గుడిసె పోతే 8,000. రేకులు, కూలీ కలుపుకుంటే ఈ సొమ్ము ఏ మూలకూ చాలదు. పెంచమని అడగాల్సిందే. అయినా ఉన్నది కూడా అందకపోవడానికి కారణం, శివారులో చాలామంది నష్టం రాయించుకోకపోవడం. అద్దెకున్నవాళ్లు ఇల్లు మాది కాదు కదా అని ఊరుకుంటారు, యజమాని ఇంకో ఊళ్లో ఉంటాడు. పగిలిన రేకులు తీసేయకముందే ఫోటోలు తీసి, ఆధార్ నకలుతో వార్డు సచివాలయంలో అర్జీ ఇచ్చి, దానికి రసీదు తీసుకోండి. ఇంటి యజమాని పలకకపోయినా, అందులో ఉంటున్నవాళ్లు వెళ్లి చెప్పాలి.

వేడెక్కుతున్న ప్రపంచంలో వడగళ్లు తగ్గుతాయా, పెరుగుతాయా అని అడిగేవాళ్లున్నారు. సున్నా డిగ్రీల మట్టం పైకి జరిగేకొద్దీ చిన్న రాళ్లు దారిలోనే ఎక్కువగా కరుగుతాయి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే 7 శాతం వరకు ఎక్కువ తేమను పట్టుకుంటుంది కాబట్టి మబ్బు బలం పెరుగుతుంది. మొత్తం మీద రాళ్ల వానలు తగ్గినా, పడ్డప్పుడు పెద్ద రాళ్లు పడే అవకాశం ఎక్కువని శాస్త్రజ్ఞుల్లో చాలామంది భావిస్తున్నారు. పడకపోవచ్చులే అన్న ధీమాకు ఇది మంచి కబురు కాదు.

పిడుగు హెచ్చరికకు దామిని యాప్, విపత్తు హెచ్చరికలకు సచేత్ యాప్ ఫోన్లో ఉంచుకోండి. తెగిన కరెంటు తీగ కనిపిస్తే దాటకుండా 1912కు ఫోన్ చేయండి. సాయం కావాలంటే 112, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నంబర్లు 1070, 18004250101.

కాలనీ సంఘాల పెద్దలకు ఒక విన్నపం. ప్రతి కాలనీలో ఒక కమ్యూనిటీ హాలో, గుడి మంటపమో, అపార్టుమెంటు సెల్లారో పక్కా కప్పుతో ఉంటుంది. దాని తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుందో రేకుల గదుల్లో ఉన్నవాళ్లకు, వాచ్‌మన్ కుటుంబాలకు, కట్టుబడి కూలీలకు, తోపుడు బండ్లవాళ్లకు తెలియాలి. ఆవులున్నవాళ్లకు కూడా ఒక మూల చోటివ్వాలి. నాలుగు పెద్ద పట్టలు, ఒక నిచ్చెన, తాళ్లు ఆ గదిలోనే కొని పెట్టండి. ఈ పని ఉగాది లోపు, ఒక ఆదివారం మీటింగులో తేల్చేయండి. మబ్బు కమ్మిన రోజున తాళం తీసి ఉంచండి.